ఆమెన్ చెప్పకముందే

మా ఆయన్ని నేను చాలా నెలలు ఊరికి దొరక్కుండా దాచాను. దాచానంటే గదిలో పెట్టి తాళం వేశానని కాదు. ప్రతి ఆదివారం చర్చికి తీసుకెళ్ళేదాన్ని, ఇస్త్రీ మడత చెదరని కోటు తొడిగి ముందు వరసలో కూర్చోబెట్టేదాన్ని. చివరి ప్రార్థన ముగిసి జనం కళ్ళు తెరిచేలోగా పక్క తలుపులోంచి బయటకు నడిపించి కారెక్కించేసేదాన్ని. ఎవరైనా ఫోన్ చేస్తే "రెవరెండ్ చదువుకుంటున్నారు" అనేదాన్ని. మౌంట్ నీబో బాప్టిస్టు సంఘానికి నలభై ఏళ్ళు పాస్టరుగా ఉండి దిగిపోయిన మనిషి చదువుకుంటున్నాడంటే ఎవరూ కాదనరు కదా. ఆ సమయంలో ఆయన వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడి, దాని తలుపు ఎటు తెరుచుకుంటుందో తడుముకుంటూ ఉండేవాడు.

ఎందుకు దాచావంటే, పరువు కోసం. మా మిసిసిపీలో నల్లవాళ్ళ చర్చి పాస్టరు భార్యగా బతికి చూడండి, తెలుస్తుంది. నా చేతి తొడుగు మీద మరక ఉంటే బుధవారం ప్రార్థన నాటికి ఊరంతా పాకేది. నేను చేసిన కేకు ఒక వైపు కుంగితే మా సంసారంలో ఏదో తేడా వచ్చిందనేవాళ్ళు. అలాంటి చోట ఒక్క మచ్చ పడకుండా నెట్టుకొచ్చాను. ఇక మా ఆయన హోసియా టేట్ సంగతంటారా, ఆయన ఆస్తి అంతా ఆయన గొంతే. ప్రసంగం సంగతి ఎలా ఉన్నా, ఆయన ప్రార్థన వినడానికి పక్క కౌంటీల నుంచి జనం వచ్చేవాళ్ళు. పోయిన మనిషి తాలూకువాళ్ళు కూడా "ప్రసంగం ఎవరైనా చెయ్యనీ, ప్రార్థన మాత్రం రెవరెండ్ టేట్ గారిదే కావాలి" అని పట్టుబట్టేవాళ్ళు. అంతటి మనిషి మాట మధ్యలో దారి తప్పి దిక్కులు చూస్తుంటే జనం జాలిపడతారు. నన్ను తిట్టినా పడతాను గానీ జాలిపడితే పడలేను. నా జబ్బు అది.

సంఘం వార్షికోత్సవం దగ్గరపడింది. ముగింపు ప్రార్థన రెవరెండ్ చెయ్యాలని సంఘ పెద్దలైన డీకన్లు కబురుపెట్టారు. ఆలోచించి చెప్తామన్నాను. ఆ ఆదివారం ఎంత వేగంగా నడిచినా కారు దగ్గర సిస్టర్ క్లాడీన్ యార్‌బ్రో నాకు దొరికిపోయింది, లేదా నేను ఆమెకు దొరికిపోయాను. ఆమె మా చర్చి పెద్ద తల్లుల సంఘానికి అధ్యక్షురాలు. ఆమె టోపీ అంచు కింద ఇద్దరు నిలబడొచ్చు, ఆమె నోటి కింద మాత్రం ఒక్కరు కూడా నిలబడలేరు.

"ఏం సిస్టర్ టేట్, రెవరెండ్ గారిని మాకు కనబడనివ్వడం లేదు, అమ్ముకుంటున్నావా ఏంటి?" అంది.

"మీరు కొంటానంటే ధర చెప్తాను."

"నవ్వుల మాట కాదు. మిస్ డెల్ఫీ భోజనశాలకైనా రావట్లేదు మీరు. ఆదివారం పూట ఆవిడ కోడివేపుడు మానేశారంటే, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకోవాలి, లేదా మీరు మెథడిస్టు చర్చిలో కలిసిపోయారనుకోవాలి. ఏది నిజం?"

"రెండూ కాదు. అసలు ఇవాళ అక్కడికే బయల్దేరాం" అన్నాను.

నోరు జారాక ఏం చేస్తాం. క్లాడీన్ "మంచిది, మంచిది" అని తన కారు వైపు నడిచింది. నేను కారులో కూర్చుని తాళంచెవి తిప్పకుండా ఆలోచించాను. ఒక్క భోజనం. గంటసేపు ఆయన నలుగురిలో కూర్చుని, కడిగిన ముత్యంలా కనబడి, చేతులు తుడుచుకుని లేచి వచ్చేస్తే చాలు, ఊరి నోళ్ళన్నీ మూతపడతాయి. వార్షికోత్సవం రోజుకి గొంతు బాగాలేదని చెప్పి తప్పించుకోవచ్చు.

"హోసియా, ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే ఏమంటావు?" అన్నాను. ఇంట్లో, కారులో ఆయన నాకు హోసియా, నువ్వు. నలుగురిలో మాత్రం రెవరెండ్, మీరు.

"దేవుడి దయవల్ల బాగున్నానంటాను."

"అంతే. ఆ పైన ఒక్క ముక్క వద్దు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆయన నా వైపు తిరిగాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. పగటిపూట అప్పుడప్పుడు అలా తేటపడేవి. "నాకు బాగాలేదని నాకు తెలుసు వెర్నీ. జనానికి తెలిస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"ఏమీ కాదు. తెలియదు కాబట్టి" అని కారు కదిలించాను.

మిస్ డెల్ఫీ భోజనశాల రైలు స్టేషను ఎదురుగా ఉంటుంది. మమ్మల్ని ఊళ్ళో ఇంకెక్కడా కూర్చోనివ్వని రోజుల్లో ఆమె నాయనమ్మ తన ఇంటి ముందుగదిలోనే గుండ్రటి బల్లలు వేసి, రైలు దిగిన మా జాతివాళ్ళకు అన్నం పెట్టడం మొదలుపెట్టింది. అప్పట్లో దారిన పోయే మనిషికి తెలిసినవాడు, తెలియనివాడు అనే తేడా ఉండేది కాదు, ఆకలిగా ఉన్నాడా లేదా అన్నదే లెక్క. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఎవరెవరో వచ్చి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. గిన్నెలన్నీ బల్ల మధ్యలో తిరిగే చెక్క మీద ఉంటాయి. దాన్ని తిప్పుకుంటూ ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు. ఈ రోజుల్లో తెల్లవాళ్ళు కూడా హైవే దిగి మరీ వచ్చి వరసలో నిలబడుతున్నారు.

కాకపోతే ఒక నియమం ఉంది. బల్ల నిండాక అందరూ పక్కవాళ్ళ చేతులు పట్టుకోవాలి, ఆ బల్లకు వయసులో పెద్దవాళ్ళు ప్రార్థన చెప్పాలి. ఆమెన్ వినబడేదాకా మిస్ డెల్ఫీ ఆ చెక్క మీద చెయ్యి వేసి నిలబడుతుంది, చెక్క కదలదు. వెనకటికి ఒక బీమా ఏజెంటు ప్రార్థన జరుగుతుండగా మొక్కజొన్న రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడని, ఆమె నాయనమ్మ అతని పళ్ళెం తీసుకెళ్ళి వాకిట్లో ఎండలో పెట్టి "అక్కడ తిను నాయనా, దేవుడు లేని చోట" అందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా భయమంతా ఈ ప్రార్థన గురించే. దానికీ ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. చర్చివాళ్ళు కూర్చునే బల్లలన్నీ వదిలేసి, కిటికీ పక్కన దారినపోయేవాళ్ళ బల్ల చూశాను. అక్కడ ఊదారంగు టోపీ పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. జుట్టు పత్తికాయ పగిలినట్టు తెల్లగా ఉంది. చేతుల మీద నరాలు తేలిపోయాయి. మా ఆయనకంటే ఎలా చూసినా పదేళ్ళు పెద్ద. ఈవిడుండగా ప్రార్థన మా దాకా రాదు. దేవుడే పంపాడనుకుని ఆ బల్ల దగ్గర హోసియాను కూర్చోబెట్టి, ఆయన కుడిపక్కన నేను కూర్చున్నాను. ఎడమపక్కన తెల్లజాతి లారీ డ్రైవరు ఒకడు, గ్రేడీ అట, టెనెసీ నుంచి వస్తున్నాడట. ఎండకు ఎర్రబడిన మెడ, శుభ్రంగా కడుక్కున్న చేతులు. మా ఆయన్ని చూసి టోపీ తీశాడు.

"ఎలా ఉన్నారు సార్?"

"దేవుడి దయవల్ల బాగున్నాను" అన్నాడు మా ఆయన. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

గిన్నెలు వచ్చాయి. వేయించిన కోడి, వెన్న వేసి ఉడికించిన చిక్కుడు గింజలు, పందిమాంసంతో మరిగిన ఆకుకూర, టమాటాలో బెండకాయలు, పాకం పట్టిన చిలగడదుంపలు, ఇనప మూకుట్లో కాల్చిన మొక్కజొన్న రొట్టె. మా ఆయన ఆవిరి వైపు ముఖం వంచి కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. ఎన్ని నెలలైందో పాపం. నా పరువు కోసం ఆయనకు ఈ కోడి కూడా లేకుండా చేశానని అప్పుడు తట్టి మనసు చివుక్కుమంది. అంతలో బల్లకు మిగిలిన ఒక్క కుర్చీ జరిగిన చప్పుడైంది. తలెత్తితే, క్లాడీన్ టోపీ.

"అటు అన్నీ నిండిపోయాయి" అంది కూర్చుంటూ. అటు రెండు కుర్చీలు ఖాళీగా నాకు కనబడుతూనే ఉన్నాయి.

మిస్ డెల్ఫీ చల్లటి టీ కూజా పక్కన పెట్టి, చెక్క మీద అరచెయ్యి ఆనించింది. యాభై దాటిన మనిషి, నాయనమ్మలాగే వెడల్పాటి భుజాలు. "ఈ బల్లకు పెద్ద ఎవరమ్మా?" అని అడిగింది, చూపు ఊదారంగు టోపీ మీదే.

ముసలావిడ నవ్వింది. "అందరూ నన్నే చూస్తారేంటో. నాకింకా డెబ్భై రాలేదమ్మా. మా వంశంలో జుట్టు ముందే తెల్లబడుతుంది. మా అక్క పెళ్ళికే బామ్మలా ఉండేది."

బల్లంతా నవ్వింది. నేను తప్ప.

"వయసులెందుకు అడగడం? ప్రార్థన చెయ్యడానికే పుట్టిన మనిషి ఇక్కడుండగా" అంది క్లాడీన్. "రెవరెండ్ గారూ, మీ గొంతు విని ఎన్నాళ్ళైందో. మీరే చెప్పాలి."

"ఆయనకు గొంతు బాగా..." అని నేను మొదలుపెట్టేసరికే మా ఆయన రెండు చేతులూ చాపేశాడు. ఒకటి గ్రేడీ పట్టుకున్నాడు. ఒకటి నేను పట్టుకున్నాను. ఆయన వేళ్ళు గట్టిగా, వెచ్చగా ఉన్నాయి. ఇంట్లో చొక్కా బొత్తాం పెట్టుకోలేని వేళ్ళే అవి. చుట్టూ తలలు వంగాయి.

"తండ్రీ" అన్నాడు.

ఆ ఒక్క మాటకే పక్క బల్లల మీద చెంచాల చప్పుడు ఆగింది. గొంతు ఎక్కడికీ పోలేదు. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు పరుచుకుంది.

"తండ్రీ, ఈ ఉదయం మమ్మల్ని నిద్రలేపావు. మా పరుపు మాకు పాడె కాలేదు. మా దుప్పటి మాకు శవం మీది గుడ్డ కాలేదు. ఒంట్లో నెత్తురు వెచ్చగా ఉండగానే, మా మతి మాకుండగానే లేపావు. నీకు వందనాలు తండ్రీ."

"అవును ప్రభువా" అంది క్లాడీన్.

ఇది మా తాతల నాటి ప్రార్థన. మా చర్చిల్లో ప్రతి డీకనూ ఇలాగే మొదలుపెడతాడు. దీని తర్వాత వంట గురించి, వండిన చేతుల గురించి చెప్పి ఆమెన్ అంటారు. నేను లోలోపల ఆయనకంటే ముందు నడుస్తున్నాను. ఈ భోజనాన్ని అను హోసియా, దీన్ని వండిన చేతుల్ని అను.

"తండ్రీ" అన్నాడాయన, "ఈ ఉదయం మమ్మల్ని నిద్రలేపావు. మా పరుపు మాకు పాడె కాలేదు..."

రెండోసారి చెప్పడం తప్పేం కాదు. మంచి ప్రార్థనాపరులు అలా తిప్పి చెప్తారు, వేడి పుట్టించడానికి. క్లాడీన్ మళ్ళీ "అవును ప్రభువా" అంది. పక్క బల్ల నుంచి ఎవరో "లేపావు, లేపావు" అన్నారు. ఆయన మతి మాకుండగానే అన్న చోటికి వచ్చి ఆగాడు. నా చేతిలోని ఆయన చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"తండ్రీ, ఈ ఉదయం మమ్మల్ని నిద్రలేపావు."

ఈసారి ఎవరూ అవును అనలేదు. నేను ఒక కన్ను తెరిచాను. కోడి మీద ఆవిరి తగ్గిపోతోంది. క్లాడీన్ టోపీ కదల్లేదు. గ్రేడీ బుద్ధిగా తలవంచుకుని ఉన్నాడు. గాజు గ్లాసుల మీద చెమట కారుతోంది. ఆయన గొంతు ఎంత అందంగా ఉందో అంత భయంగా ఉంది నాకు, ఎందుకంటే అది ఆగదు. పరుపు, పాడె, దుప్పటి, నెత్తురు, మతి. మళ్ళీ పరుపు. పక్క బల్లవాళ్ళు తలలు తిప్పుతున్నారని, రేపటికి ఇది ప్రతి ఇంట్లో వంటింటి మాట అవుతుందని, ఇన్ని నెలలు నేను పడ్డ పాటంతా ఈ బల్ల మీద ఒలికిపోతోందని తప్ప నాకింకేం తోచలేదు.

"...మా మతి మాకుండగానే లేపావు. తండ్రీ..."

"ఆమెన్" అన్నాను నేను. గట్టిగా, పైకి.

ఒక మనిషి దేవుడితో మాట్లాడుతుండగా మధ్యలో తలుపు వేశాను. అదీ నా భర్త. అదీ ఆ బల్ల దగ్గర. అన్నాక ఏదో ఒకటి చెప్పి కప్పెయ్యాలి కదా, నవ్వు ముఖం పెట్టి, "ఏమనుకోకండి, ఈయన ప్రార్థనల పుణ్యమా అని పెళ్ళైనప్పటినుంచీ నేను వేడి కోడిముక్క ఎరగను" అన్నాను.

జనం నవ్వారు. ఊదారంగు టోపీ ఆవిడ "మా నాన్నా అంతే" అంది. మిస్ డెల్ఫీ మాత్రం నవ్వలేదు. చెక్క మీద చెయ్యి వెంటనే తియ్యలేదు కూడా. నా వైపు ఒకసారి చూసి, తర్వాత తీసి, కూజా ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఏమన్నా అంటే బాగుండేది. చెక్క తిరగడం మొదలైంది. గండం గడిచిందనుకున్నాను, సిగ్గులేకుండా ఆకుకూర వడ్డించుకున్నాను కూడా.

అప్పుడు చూశాను, ఆయన చేతులు ఇంకా చాచే ఉన్నాయి. నేను వదిలేసిన చెయ్యి బల్ల అంచు మీద వెల్లకిలా పడి ఉంది. రెండోది గ్రేడీ చేతిలోనే ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. గ్రేడీ కుడిచెయ్యి అలా చిక్కుకుపోయి, అతను ఫోర్కు ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"వదిలించుకోండి బాబూ, ఏమనుకోరు" అన్నాను.

"పర్లేదమ్మా. నాకు తొందరేం లేదు" అన్నాడతను.

మా ఆయన కళ్ళు తెరిచాడు. అందరి నోళ్ళూ ఆడుతున్నాయి. ఒక్కొక్కరి పళ్ళెం వైపూ చూశాడు. తనేదో తప్పు చేసినట్టు ముఖం పాలిపోయింది.

"నేను ఆమెన్ అనలేదు" అన్నాడు మెల్లగా.

"అయిపోయింది. తినండి రెవరెండ్."

"లేదు వెర్నీ. నేను అనలేదు. ఇంకా అన్నం దగ్గరికి రాలేదు. అన్నాన్ని దీవించకుండా ఎలా తింటున్నారు వీళ్ళు?"

ఆయన కొంచెం గొంతు పెంచాడు. తిరుగుతున్న చెక్క ఆగింది. అప్పుడు నేను ఆయన చెవి దగ్గరకు వంగి, బల్ల కింద ఆయన తొడ గిల్లి అన్నాను: "నోరు మూసుకుని తిను హోసియా. పదిమందిలో నా పరువు తియ్యకు."

గుసగుసగానే అన్నాను. కానీ చెక్క ఆగిందని చెప్పాను కదా. ప్రతి మాటా ప్రతివాళ్ళకూ వినబడింది. నాకు తెలిసిన ఆడవాళ్ళెవరైనా తమ భర్తను అలా అని ఉంటే, నేను వాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను.

ఆయన నన్ను చూశాడు. చూస్తూ ఉండగానే ఆ చూపులోంచి నేను వెళ్ళిపోయాను. ఎలా చెప్పాలో తెలియడం లేదు. కోపం వచ్చి ముఖం తిప్పుకుంటే వేరు. అది కాదు. నన్ను చూస్తూనే ఉన్నాడు, నేను అక్కడ లేను. మెల్లగా గ్రేడీ చెయ్యి వదిలాడు, కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు, పరాయి ఆడమనిషి పక్కన కూర్చున్నప్పుడు మర్యాదస్తుడు చోటిచ్చినట్టు.

"వెర్నీస్" అంది క్లాడీన్. సిస్టర్ టేట్ అనలేదు. "ఆయన్ని ప్రార్థించమన్నది నేను. ఎంతసేపైనా చేసుకోనీ అనుకున్నాం."

"అనుకున్నాం అంటే ఎవరు?"

"సంఘం. మేమందరం."

నాకు అర్థం కాలేదు. లేదా అర్థం చేసుకోవడం ఇష్టంలేక అలా చూశాను.

"ఈస్టరుకి ముందే తెలుసు నాకు. ఒకరోజు పొద్దున్నే ఆయన మా వరండాలో వచ్చి కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఇంకా చర్చి నుంచి రాలేదా అని అడిగాడు. కాఫీ ఇచ్చాను. మా పెద్దాడు కారులో తెచ్చి మీ గేటు లోపల దింపాడు, నువ్వు పెరట్లో బట్టలారేస్తున్నావట. నీకు చెప్పొద్దన్నాను. నీ అంతట నువ్వే చెప్తావని చూస్తున్నాం." ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉంటే నేను తట్టుకునేదాన్ని. "వార్షికోత్సవానికి కూడా అందుకే అడిగారు డీకన్లు. ఆయన మొదటికొస్తే మేమూ మొదటికొస్తాం. అలసిపోయి తనే ఆగేదాకా. తొందరేముంది మాకు?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టయింది నా గుట్టు. ఊరంతా గిన్నె చుట్టూ నిలబడి, నా సిగ్గు చెడకూడదని వాళ్ళు తలలు పక్కకు తిప్పుకున్నారన్నమాట ఇన్నాళ్ళూ. నేను దాచింది ఎవరి నుంచి? ఆయన గొంతు వినాలని ఆశపడుతున్నవాళ్ళ నుంచి. ఇవాళ నోరు నొక్కింది ఎవరిది? తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పళ్ళెంలో ఆకుకూర మీద నూనె గడ్డకడుతోంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"మీది ఏ ఊరమ్మా?"

మా ఆయన. నన్నే అడుగుతున్నాడు. గొంతు మృదువుగా, చర్చి వాకిట్లో కొత్తగా వచ్చినవాళ్ళను పలకరించేటప్పటి గొంతు.

ఊదారంగు టోపీ ఆవిడ చేతిలోని రొట్టె కింద పెట్టేసింది.

"మొదటిసారి వచ్చినట్టున్నారు ఇక్కడికి" అన్నాడాయన. "ఈ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉందిలెండి, ప్రార్థన అయ్యేదాకా ఆగుతాం. మీకు తెలియదు కదా. ఎవరూ ఏమీ అనుకోరు. మీరేం సిగ్గుపడకండి."

"అలాగే" అన్నాను.

"ఆకలి అలాంటిది. నేను కూడా చిన్నప్పుడు పస్తులున్నవాణ్ణే, నాకు తెలుసు. దూరం నుంచి వచ్చుంటారు." ఆయన చెక్కను తన వైపు తిప్పుకుని, కోడి తొడముక్క ఒకటి ఏరి, జాగ్రత్తగా తెచ్చి నా పళ్ళెంలో పెట్టాడు. తన పళ్ళెం ఖాళీగానే ఉంది. తర్వాత కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. మా ఆవిడ ఇక్కడే ఎక్కడో ఉంటుంది. ఆవిడకు మాత్రం తెలియనివ్వకండి. ప్రార్థనలో ఎవరైనా దగ్గినా ఊరుకోదు. మంచిదే, కానీ నోరు కొంచెం పెద్దది. మిమ్మల్ని నలుగురిలో ఏమైనా అంటుందేమోనని. నేను చెప్పనులెండి."

క్లాడీన్ చేతిరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. గ్రేడీ తన టోపీని ఒళ్ళో పెట్టుకుని అంచు సరిచేస్తున్నాడు.

నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. నేనే హోసియా, నేనే ఆ నోరు పెద్దదాన్ని అని చెప్పాలనిపించింది. చెప్తే ఏమవుతుంది? ఆయన కాపాడుతున్న ఆ పరాయి ఆడమనిషిని కూడా ఆయన దగ్గర లేకుండా చేసినదాన్నవుతాను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆయన నమ్ముతాడేమో. ఆమెన్ అని అరిచింది, తొడ గిల్లింది తన వెర్నీయేనని ఆయనకు అర్థమైపోతుందేమో.

"మీ పేరేమిటమ్మా?" అన్నాడు. "ప్రార్థనలో మీ పేరు కూడా చెప్తాను."

నోరు తెరిచాను. పేరు గొంతు దాకా వచ్చింది. బల్లంతా నా వైపు చూస్తోంది, క్లాడీన్, డ్రైవరు, ఆ ముసలావిడ. ఎవరూ నా తరఫున ఆ పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

ఆయన మర్యాదస్తుడు కదా, మళ్ళీ అడగలేదు. రెండు చేతులూ చాపాడు. గ్రేడీ ఒకటి అందుకున్నాడు. రెండోది నా ముందు గాలిలో ఉంది, నేను తీసుకునేదాకా ఉంది. ఎప్పుడు వచ్చిందో మిస్ డెల్ఫీ వచ్చి, చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడింది. చెంచాలు, ఫోర్కులు ఒక్కొక్కటే కిందకు దిగాయి. మా బల్ల మీదే కాదు, గదిలో అన్ని బల్లల మీదా.

"తండ్రీ" అన్నాడు, "ఈ ఉదయం మమ్మల్ని నిద్రలేపావు. మా పరుపు మాకు పాడె కాలేదు."

"అవును ప్రభువా" అన్నారు జనం.

"మా మతి మాకుండగానే లేపావు. తండ్రీ, నా పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. చాలా ఆకలితో ఉంది. పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడుతోంది తండ్రీ. ఆవిడ ఎవరో నీకు తెలుసు."

"తెలుసు" అంది క్లాడీన్, చాలా మెల్లగా.

"తండ్రీ, ఈ ఉదయం మమ్మల్ని నిద్రలేపావు" అంటూ ఆయన మళ్ళీ మొదటికి వెళ్ళాడు. నేను తల ఎత్తలేదు.